బంగారానికి వాసన లేదు

"ఎలుక చచ్చి రెండు రోజులైందట బాబాయ్. ఇదిగో, ఈ సిలిండర్ వెనకే, నీ కుర్చీ పక్కనే! ఊడవడానికొచ్చిన ఆయమ్మ కొంగుతో ముక్కు మూసుకుని తీసి పారేసింది. నాకైతే పాడు జలుబు. మరి నీకేమైంది?"

షావుకారు చేతిరుమాల్లో ముక్కు చీదుకుంటూ నవ్వుతూనే అడిగాడు. ముక్కుబాబాయి మాత్రం కండువాతో మొహం తుడుచుకున్నాడు.

పాత బంగారం కొనే కొట్టు అది. కొనేముందు వాసన చూడటం ఆయన పని. నగను అరచేతుల మధ్య రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ఇత్తడికీ రాగికీ చేతి చెమట తగిలితే ఒక కంపు పుడుతుంది. మేలిమి బంగారానికి ఏ వాసనా ఉండదు. పెద్ద షావుకారు హయాం నుంచీ ఆయన సంసారం ఆ ముక్కు మీదే నడుస్తోంది. ఆ పేరూ అలా వచ్చిందే.

మొన్నామధ్య వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ ముక్కును కాస్తా పట్టుకుపోయింది. పొయ్యి మీద అన్నం మాడినా తెలియదు, సబ్బు రుద్దుకున్నా తెలియదు. ముక్కు పోయినవాడికి లోకంలో ప్రతి లోహమూ మేలిమే. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. రోజూ కొట్టు మెట్లెక్కుతుంటే ఒకటే భయం. ఎవడో ఒకడు ఇత్తడి తెస్తాడు, తను బంగారమంటాడు, ఈ వయసులో వీధిన పడతాడు.

"నాలుగు నోళ్లూ నాలుగు రకాలుగా అంటున్నాయి బాబాయ్. ఒక చిన్న పరీక్ష. కాదనకు."

షావుకారు కరిగింపు గది తలుపు వేశాడు. బంగారం పొడి ఎగరకుండా కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి, ఫ్యాను తిరగదు. గ్యాస్ సిలిండర్ మర తిప్పి, లోహం కరిగించే మూసను కొలిమిలో పెట్టి, తువ్వాలుతో ముసలాయన కళ్లకు గంతలు కట్టాడు.

"ఒకే కొలత గాజులు మూడు. ఒకటి ఇత్తడిది. ఏదో చెప్పు."

మొదటిది రుద్దాడు, పీల్చాడు. ఏమీ లేదు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. 'అయిపోయింది, ఇవాళ్టితో చీటీ చిరిగింది' అనుకున్నాడు.

"ఏంటి బాబాయ్, అంత ఆలస్యం?"

"ఉండండి బాబూ, తొందరపెడితే ముక్కు పనిచేస్తుందా?"

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. అప్పుడు తట్టింది. రెండో గాజు చేతిలో ఉన్నట్టే లేదు, మిగతా రెండూ అరచేతిని కిందికి లాగుతున్నాయి. ఆ తేలికదాన్ని ముక్కుకు ఆనించి, చచ్చేంత కంపు తగిలినట్టు మొహం పెట్టాడు.

"ఛీ ఛీ, ఇదే!"

"సెబాస్!" షావుకారు గంతలు విప్పి భుజం చరిచాడు. "అనవసరంగా అనుమానించాను. ఇక నీ ముక్కు గురించి ఎవడైనా కూశాడంటే నాతో మాట్లాడాలి!"

పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది ముసలాయనకు. గోడకు చేరగిలబడి నవ్వాడు.

"సరే, ఈ రెంటినీ కరిగించేద్దాం," అంటూ షావుకారు లైటరు అందుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "బాబాయ్, ఆ ఎలుక పైపుగానీ కొరికి చచ్చిందో ఏమో. నా ముక్కు దిబ్బడేసింది. గ్యాస్ వాసన వస్తోందేమో నువ్వు చూడు."

ముక్కుబాబాయి నవ్వు ఆగిపోయింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. భుజం మీద ఆ చరుపు ఇంకా వెచ్చగానే ఉంది. గట్టిగా గాలి పీల్చాడు.

"ఏ వాసనా లేదు బాబూ. వెలిగించండి."

షావుకారు బొటనవేలు లైటరు మీద ఆనింది. అదే సమయానికి చీపురుతో ఆయమ్మ తలుపు తోసింది.

గుమ్మంలోనే కొంగుతో ముక్కు మూసుకుంది.