కుడికి పోయే బంతి

ఆళ్లగడ్డలో గోల్ఫ్ ఆడేది శేషాద్రి ఒక్కడే. బెంగుళూరులో ఉద్యోగం చేసినప్పుడు అంటిన పిచ్చి అది. కాలువల ఆఫీసులో గుమాస్తాగా ఇక్కడికొచ్చి మూడేళ్లయినా, పంతొమ్మిదివందల ఎనభై రెండు వచ్చినా వదల్లేదు. ఊరి బయట బీట్లో ఆయన కర్ర ఊపుతుంటే గొర్రెల కాపర్లు కూడా నవ్వేవాళ్లు.

నవ్వక ఏం చేస్తారు? ఎంత గట్టిగా కొట్టినా బంతి గాల్లో వంకర తిరిగి కుడిపక్క కంపచెట్లలో పడేది. వెతకడానికి పోయిన మనిషి ఓ పట్టాన వచ్చేవాడు కాదు. వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉండేవి. దుమ్ము పడింది అనేవాడు.

ఆయన భార్య వకుళమాలకు ఏడో నెల. ఆ ఆదివారం వాళ్లింటికి నంద్యాల నుంచి వరదరాజులు వచ్చాడు. బెంగుళూరులో శేషాద్రికి ఈ ఆట అంటించింది ఆయనే. ఈమధ్యే నంద్యాలకు బదిలీ అయ్యాడు.

కాఫీ ఇస్తూ వకుళమాల మెల్లగా అంది.

"అన్నా, ఆ బంతి కుడికి పోకుండా చేయన్నా. దానికోసమని ఈయన ఆ కంపల్లోకి పోతాండాడు. నాకు భయమైతాంది."

"పాములుండాయా?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. కడుపుతో ఉన్న మనిషి, భయం సహజమే అనుకున్నాడు వరదరాజులు.

బీట్లో ఒక్క దెబ్బ చూడగానే తప్పు దొరికింది. మిత్రుడి ఎడమచేతి పట్టు సరిచేశాడు.

"కర్రను బయట్నుంచి లోపలికి కోస్తాండావ్. మోచెయ్యి ఒంటికి ఆనించి, లోపల్నుంచి బయటికి కొట్టప్పా."

బంతి తిన్నగా పోయింది. రెండోదీ తిన్నగానే పోయింది.

శేషాద్రి ముఖంలో సంతోషం లేదు. పట్టు సడలించి మళ్లీ పాతపద్ధతిలో కొట్టాడు. బంతి కంపల్లో పడింది.

"ఈ ఒక్కసారికి పోయి తెచ్చుకుంటా, వరదా."

వరదరాజులు చెయ్యి పట్టుకుని ఆపాడు. "పోతే పోనీ. నా కాడ శానా ఉండాయి. ఆడ ఆయమ్మ ఏడుస్తాంది. ఇంక ఆ కంపల్లోకి పోనని మాటియ్యి."

శేషాద్రి చాలాసేపు అటే చూశాడు.

"సరే. పోను."

కడుపుతో ఉన్నామె మొగుడు శ్మశానం తొక్కరాదని ఇంట్లో కట్టడి చేశాక, ఆ కంపల కింద పూడ్చిపెట్టిన రెండేళ్ల కూతురి దగ్గరికి పోయిరావడానికి శేషాద్రికి మిగిలిన సాకు ఆ వంకర బంతి ఒక్కటే.