తలెత్తి చెప్పమ్మా

"తల ఎత్తమ్మా!"

ముందు వరస నుంచి వచ్చిన ఆ కేకకి హాలంతా దద్దరిల్లింది.

ఎవాంజెలిన్ ఉలిక్కిపడింది. ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో మైకు. తెలుగు మాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకొచ్చి చదువుతోంది. భిలాయిలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు మాట్లాడగలదు గానీ రాయడం రాదు.

ఆ ఊళ్ళోనే మరోదా అనే పేటలోని ఆ హాలుకి ప్రతి ఆదివారం వచ్చి, టీబీ మందులు మధ్యలో మానకూడదని తెలుగువాళ్ళకి చెప్పడం ఆమె ఉద్యోగం. భిలాయి ఉన్న కొత్త రాష్ట్రం ఏర్పడ్డాక మొదలైన పని. చెప్పేది మంచి మాటే, వినేవాళ్ళే లేరు. దగ్గు కాస్త తగ్గగానే మందులు మానేస్తారు, మళ్ళీ మంచాన పడతారు. చెప్పీ చెప్పీ ఆమెకి నీరసం వచ్చేసింది.

"కాయితం కేసి సూత్తే ఏటి లాభం? నాకేసి సూసి సెప్పు."

కేకేసినాయన పేరు అప్పలసూరి. స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు.

వెనక ఎవరో నవ్వారు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు.

మీటింగయ్యాక ఆయన సైకిలు తీస్తుంటే ఆమె వెనకనుంచి పిలిచింది.

"తాతగారూ, ఒక్క నిమిషం!"

ఆయన తిరిగైనా చూడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఎంత పొగరు, అనుకుంది.

తర్వాతి ఆదివారం కూడా ఆయన అదే కుర్చీలో ఉన్నాడు.

"ఆ మైకు తియ్యమ్మా. మూతికి అడ్డం."

ఆమె మైకు దించింది. "ఇది లేకపోతే వెనకవాళ్ళకి వినపడదు తాతగారూ."

"నోరు తెరిసి నిమ్మళంగా సెప్పు. కంగారేటి, రైలెల్లిపోతందేటి?"

హాలంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

"రోగం, లక్షణాలు అని పాఠం సదవకు. రోగం ఎవులికి? ఆడి పేరేటి? ఆడి పెళ్ళాం ఏటంది? అది సెప్పు."

ఎవాంజెలిన్‌కి ఒళ్ళు మండింది. ఆ కోపంలోనే కాగితం మడిచి పక్కన పెట్టి, ఆయన మొహంలోకి చూస్తూ మొదలుపెట్టింది.

"ఒకాయన ఉండేవాడు. తోపుడు బండి మీద అరటిపళ్ళు అమ్మేవాడు..."

ఆమె చేతులు వాటంతటవే బండి తోశాయి. పెద్దాయన కళ్ళు ఆమె మొహం మీంచి కదల్లేదు. అంత శ్రద్ధగా ఆమె మాట పట్టించుకున్నవాళ్ళు సొంత ఇంట్లో కూడా లేరు.

ఆ రోజు ఎవరూ మధ్యలో లేవలేదు.

అప్పట్నుంచి వారానికో కథ. కథలన్నీ నిజంగా జరిగినవే, మనుషుల పేర్లే మార్చేది. జనం పెరిగారు. మందులు మానేసినవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ వచ్చారు. పెద్దాయన కేకలు మాత్రం తగ్గలేదు.

"తల దించేత్తన్నావమ్మా! ఇటు సూడు!"

ఒకరోజు ఆమె పై ఉద్యోగి పార్థసారథి అలసిపోయిన మొహంతో వచ్చాడు.

"వచ్చే ఆదివారం రాయపూర్ నుంచి పెద్దసారొస్తున్నారు, ఆయనా తెలుగాయనే. నీ మాట ఆయనకి నచ్చితే మన టీబీ సెంటరుంటుంది. లేదంటే బంద్. నీకూ నాకూ ఇంటిదారే."

ఎవాంజెలిన్‌కి పెద్దాయన కేకలు గుర్తొచ్చాయి.

"ముందు కూర్చునే తాతగారు అరుస్తారు సార్. ఆ రోజుకి ఆయన్ని వెనక్కి పంపించండి."

ఆదివారం అప్పలసూరి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పార్థసారథి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చోబెట్టాడు.

ఎవాంజెలిన్ వెల్డర్ నూకరాజు కథ ఎత్తుకుంది. పెద్దాయన మెడ సాచాడు. కుర్చీ అటూ ఇటూ జరిపాడు. కాసేపు లేచి నిలబడితే పక్కవాళ్ళు చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టారు.

నూకరాజు మందులు మానేసే చోటికి కథ వచ్చేసరికి ఆయన బయటికి నడిచాడు.

ఆమె చూసింది. మనసు చివుక్కుమంది. అయినా ఆపకుండా చెప్పి ముగించింది.

చప్పట్లు మోగాయి. సెంటరు నిలిచింది.

"బహుత్ అచ్ఛా! ఎవరు నేర్పారమ్మా ఇలా మాట్లాడడం?" అడిగాడు పెద్దసారు.

"ఎవరూ లేరు సార్. నేనే ప్రాక్టీస్ చేశాను."

మరుసటి ఆదివారం ముందు కుర్చీ ఖాళీ. ఆ పై వారమూ అంతే. ఆ రోజు మీటింగయ్యాక ఒకావిడ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"అప్పలసూరి గారి కూతుర్నండి, వనజాక్షి. నాన్న మొన్న బుధవారం పోనారు. గుండాగిపోనాది."

ఎవాంజెలిన్ ఖాళీ కుర్చీ కేసి చూసింది.

"ఒక్కటి అడుగుదామని వచ్చాను దీదీ. నూకరాజు బతికాడా?"

"ఏంటి?"

"ఆదివారం ఇంటికొచ్చి మీ కతంతా మాకు సెప్పీవోరు. మీరు సేతులెలా తిప్పారో అలాగే తిప్పీవోరు. పిల్లలు అన్నం మానేసి కూకునీవోరు. ఆకరి కతొక్కటే సగంలో ఆగిపోనాది. మందులు మానేసినాక ఏటైందో నాన్నకీ తెల్దు."

"బతికాడక్కా," అంది ఎవాంజెలిన్. "మరి ఆ రోజు ఆయన మధ్యలో ఎందుకు వెళ్ళిపోయారు? నా మాట నచ్చలేదా?"

"అయ్యో, నచ్చకేటి దీదీ! మిల్లు మోతకి నాన్న సెవులు రెండూ ఎప్పుడో పోనాయి, మీ పెదాలు సూసే మాటలు పోల్చుకునీవోరు. వెనకాల నిలబడ్డంతసేపే అవి కనపడినాయంట, లాగి కూకోబెట్టినాక కనపడలేదంట."