కన్నం పడని గడ్డం

అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున మంచుగడ్డల గోదాముల దాకా వేసిన ట్రాము లైను పదకొండు నెలలే నడిచింది. ఆ ఏడు మార్చి వరదకి వంతెన కూలి, పొద్దున బయల్దేరిన ట్రామును ఏరు మింగేసింది. ఒక్క శవమూ దొరకలేదు. కండక్టరు తోలుసంచి మాత్రం కొమ్మకి చిక్కుకుంది.

అందులో పంతొమ్మిది మార్పు టికెట్లున్నాయి. పెద్ద లైను దిగి ఈ లైనెక్కేవాళ్లకిచ్చేవి అవి. ఒకరి టికెట్టు ఇంకొకరు వాడకుండా కంపెనీ వాటి మీద ఐదు మొహాలు అచ్చేయించింది. నున్నటి మొహం, మీసం, గడ్డం, పడుచుపిల్ల, టోపీ పెట్టిన ముసలమ్మ. టికెట్టు పుచ్చుకునే మనిషి ఎలా ఉంటే ఆ మొహానికి, ఇచ్చే పెద్ద లైను కండక్టరు కన్నం కొట్టాలి. జనం దాన్ని చూసి తెగ నవ్వుకునేవారు.

ఎవరెవరు పోయారో తేల్చడానికి ట్రాము షెడ్డులో ఇన్‌స్పెక్టరు గ్రోగన్ టికెట్లను బల్ల మీద పరిచాడు. వాటిని ఇచ్చిన పెద్ద లైను కండక్టరు ఎమ్మెట్ పక్కనే నిలబడ్డాడు.

రెండు టికెట్ల మీద ముసలమ్మకి కన్నం ఉంది. తల్లి కోసం వచ్చిన అన్నదమ్ములు అక్కడే కూలబడిపోయారు.

తరవాత లోటీ వచ్చింది. నెలలు నిండిన మనిషి. మొగుడు హెర్మన్ గోదాములో కూలీ, రోజూ పెద్ద లైను దిగి ఆ ట్రామే ఎక్కుతాడు.

"బొడ్డుదాకా గడ్డం సార్ మా ఆయనకి. కత్తి దగ్గరికి రానివ్వడు."

గ్రోగన్ ఒక్కో టికెట్టునూ కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు.

"గడ్డానికి ఒక్క కన్నమూ లేదమ్మా."

"అంటే ఎక్కలేదనేగా! పొద్దున పోట్లాడాను సార్. అలిగి ఏ సారాకొట్లోనో పడుంటాడు, సచ్చినోడు!" ఏడుస్తూనే నవ్వేసింది. ఎమ్మెట్ చెయ్యి పట్టుకుంది. "నువ్వు మొహం చూసే కొట్టావు కదా బాబూ?"

గ్రోగన్ అతని వంకే చూస్తున్నాడు.

"చూడకుండా ఎలా కొడతానమ్మా," అన్నాడు ఎమ్మెట్.

"నీ పిల్లలు చల్లగా ఉండాలి. వెళ్తా, ఆకలితో వస్తాడు. క్యాబేజీ ఉడకెయ్యాలి."

ఆమె గబగబా వెళ్లిపోయింది. గ్రోగన్ ఎమ్మెట్ భుజం తట్టాడు.

ఆ ఉదయం రద్దీలో తీరిక దొరకదని, ఎమ్మెట్ ఆ కట్టలోని టికెట్లన్నిటికీ బండెక్కకముందే, ఇదే షెడ్డులో కాఫీ తాగుతూ, తోచిన మొహానికల్లా కన్నాలు కొట్టి పెట్టుకున్నాడు.