హనుమండ్లు కట్టిన గోడ

హనుమండ్లు కట్టిన గోడ భూకంపం వచ్చినా పడదు. ఏనుగు వచ్చి ఒరుసుకున్నా పడదు. పదిమంది అల్లుండ్లు ఒక్కపారి ఒరిగి కూసున్నా పడదు.

ఈ ముచ్చట బెల్లంపల్లి బజార్ల, చాయ్ హోటల్ కాడ, హనుమండ్లే చెప్పిండు.

తెల్లారేసరికి గోడ పడ్డది.

భూకంపం రాలే. ఏనుగు రాలే. హనుమండ్లుకు అసలు అల్లుండ్లే లేరు.

"పడ్డదా?" అన్నది అతని భార్య నాగవ్వ, చేతిల చాయ్ గిలాస కింద వెట్టకుంటనే.

"మట్టి మంచిది కాదే."

"మట్టి ఏం జేసిందయ్యా నిన్ను? మళ్ల కడుదం."

గా 'మళ్ల కడుదం' వింటే హనుమండ్లుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

హనుమండ్లు బొగ్గుబాయిల పనిచేసి రిటైరయిండు. దసరాలోపట కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. నాగవ్వ పెండ్లయిన కాన్నుంచి గా క్వార్టర్లనే ఉన్నది. గోడకు మేకు కొట్టాల్నన్నా ఎవన్నో ఒకన్ని అడగాలె. "సచ్చేలోపట నాది అనే గోడ ఒక్కటన్న ఉండాలె" అని ఆమె పంతం. ఊరవతల అవ్వగారోళ్లు ఇచ్చిన జాగ ఉన్నది. గాడికి కరెంటు తీగ రాలే. ఇప్పట్ల వచ్చేటట్టు సుత లేదు.

అయినా నాగవ్వ ఎనుకకు తగ్గలే. కరెంటు లేకుంట బతికే ఇల్లు ఎట్ల కట్టుకోవాల్నో నేర్పే ట్రైనింగుల చేరింది. మొగన్ని సుత చేర్పించింది. ట్రైనింగంటే కుర్సీల కూసోని వినుడు కాదు. ఎవరిల్లు వాళ్లు కట్టుకుంటనే నేర్చుకునుడు.

నేర్పే పిల్ల పేరు జమున. ఆదిలాబాద్ నుంచి వచ్చింది. ఆమె ఓపిక చూసి బర్రెలు సుత సిగ్గుపడతయి.

జమున మట్టి తొక్కించింది. కాళ్లు ఏడున్నయో, మట్టి ఏడున్నదో తెల్వనంత తొక్కిండు హనుమండ్లు. గడ్డి కలిపిండు. పచ్చి ఇటుకలు పోసిండు, ఎండవెట్టిండు. గోడ లేసింది. పడ్డది. మళ్ల లేసింది. మళ్ల పడ్డది. బెల్లంపల్లిల సూర్యుడన్న ఒకనాడు మబ్బుల పండుకుంటడు గని, గా గోడకు మాత్రం లేసుడు పడుడు తప్పలే.

నడుమల, పొయ్యి కోసం వెట్టిన గోబర్ గ్యాస్ డ్రమ్ముకు బొక్క పడ్డది.

"ఎలుక కొరికింది" అన్నడు హనుమండ్లు.

"అది ఇనుప డ్రమ్ము గద పెద్దబాపు!" అన్నది జమున.

"మా ఊరి ఎలుకలు నీకు తెల్వయి బిడ్డా. బొగ్గు తిని పెరిగినయి."

నాగవ్వ డ్రమ్ము మోసుకపోయి వెల్డింగ్ చేయించుకచ్చింది. కొన్నొద్దులకు గ్యాస్ పొయ్యి మీద నీలం మంట లేసింది. జమున చప్పట్లు కొట్టింది. నాగవ్వ గా మంటకు దండం వెట్టింది. హనుమండ్లు మాత్రం సావింట్ల కూసున్నట్టు కూసున్నడు.

"ఇంకేంది పెద్దబాపు! పొయ్యి మండె, వాననీళ్ల తొట్టి నిండె. కప్పు ఏసుడే తక్కువ. సోలార్ పలకలే ఎండకాలం దాక రావు."

"రాకుంటె ఏమాయె?" అన్నది నాగవ్వ. "పొద్దుగూకంగనె ఇంత తిని పండుకుంటం. ఏమంటవయ్యా?"

"ఆఁ" అన్నడు హనుమండ్లు, అటు మొఖం తిప్పుకోని.

తెల్లారి గోడ పడ్డది. గీపారి కిటికీతోని సహా.

హనుమండ్లు నెత్తి మీది రుమాలు తీసి నేలకేసి కొట్టిండు.

"ఇగ చాలు! ఎన్నిసార్లు కడ్తవే? మట్టి మనకు పడి రాలే. బజార్ల కిరాయి రూము చూసొచ్చిన. ఫ్యాను ఉన్నది, అన్ని ఉన్నయి. రేపే పోదం."

నాగవ్వ మట్టికుప్ప మీద కూలవడ్డది. ఇన్నొద్దులల్ల ఆమె కండ్లల్ల నీళ్లు వచ్చుడు గదే మొదలు.

"గాడ సుత మేకు కొట్టాల్నంటె ఒకల్ని అడగాలె గదనయ్యా..."

హనుమండ్లు నేల మీది రుమాలు తీసి దులుపుకున్నడు.

గప్పుడే జమున, పడ్డ గోడ చుట్టు తిరిగి, వంగి చూసి, "పెద్దమ్మా, ఇటు రా" అన్నది. "ఇది పడ్డ గోడ కాదు, పడగొట్టిన గోడ. కింద ఎవరో గడ్డపారతోని పెకిలించిండ్రు. జూడు, పోటు గుర్తులు."

నాగవ్వ లేసింది. కండ్లు తుడుసుకున్నది. కొంగు బిగించింది.

"ఎవడో ఓర్వలేనోడు! వాని చేతులు ఇరగ! ఏమయ్యా, ఇయ్యాల్టి సంది నువ్వు ఈన్నే కావలి పండుకో."

"నేనా? ఒక్కన్నా?"

"ఒక్కనివే. బ్యాటరీ లైటు వెట్టకు. వెలుగు చూస్తె దొంగ రాడు. ఫోను సుత నాకిచ్చి పండుకో, మోగుతది."

"పురుగు పుట్ర ఉంటదే."

"మంచం తెస్త."

"చలి వెడ్తది."

"గొంగడి తెస్త."

"నడుము నొస్తది."

"జండుబామ్ తెస్త. ఏందయ్యా నీ లొల్లి? అంత లోతు బాయిల పనిచేసినోనివి, బక్క దొంగకు బుగులువడ్తవా?"

హనుమండ్లు పొద్దు దిక్కు చూసిండు. జమున దిక్కు చూసిండు. జమున చూపు అతని అరచేతుల బొబ్బల మీద ఉన్నది. ఆయన చేతులు ఎనుకకు దాసుకున్నడు. మెల్లగ పోయి మట్టికుప్ప మీద పెండ్లాం పక్కన కూసున్నడు.

"కావలి వద్దే నాగవ్వా, నీ కాళ్లు మొక్కుత, గోడలన్ని నేనే బ్యాటరీ లైటు వెట్టుకోని పడగొట్టిన, బాయిల ఉన్నన్ని ఏండ్లు నెత్తి మీద లైటుండె గని, నాకు చీకటంటె పానం పోతది."