చప్పుడు వచ్చేదాకా

భూమికి తిరిగొస్తున్న వ్యోమనౌక నిప్పుగీతలా ఆకాశాన్ని దాటి చీకట్లో కలిసిపోయింది. మేడ మీద వదినా నేనూ అన్నయ్య కెమెరాతో దాన్ని వీడియో తీశాం. దాని చప్పుడు మా దాకా రావడానికి ఇంకా నాలుగు నిమిషాలు పడుతుంది.

"అది వచ్చేదాకా కిక్కురుమనకండి. మీ సోదంతా వీడియోలో పడుతుంది," అని అన్నయ్య కసిరేవాడు. చప్పుడు వినగానే కెమెరా ఆపి కిందికి వెళ్లిపోయేవాడు.

అన్నయ్య పోయి మూడు నెలలైంది. అయినా మేం నోరు మెదపలేదు.

మెట్ల మీద చెప్పుల అలికిడి. కుడికాలు ఈడ్చే ఆ నడక మా ఇద్దరికీ తెలుసు. అది సరిగ్గా మా వెనకే ఆగింది. ఇద్దరం తల తిప్పలేదు.

అంతలో ఆకాశం దభీమంది. కిటికీ అద్దాలు అదిరాయి. వెనక చెప్పులు మెట్లవైపు మళ్లాయి.

"చప్పుడింకా రాలేదండీ," అంది వదిన, వెనక్కి చూడకుండానే.