కాఫీ తాగే రాజు

పాడుబడ్డ ప్రాచీన మాయా జాతి గుడి మెట్ల చుట్టూ కట్టిన పసుపు తాడును హసింతా కత్తితో తెగ్గోసింది. లోపలికెళ్ళి కింది మెట్టు మీద బైఠాయించింది.

కాపలాదారు గాస్పర్ లబోదిబోమన్నాడు. ఏటా ఇదే రోజున ఆమె వచ్చి ఆ మెట్టు దగ్గర కొవ్వొత్తి వెలిగించడం అతనికి తెలుసు. చూసీ చూడనట్టు వదిలేసేవాడు. ఈసారి కుదరదు. రాజధాని నుంచి తవ్వకాల అధికారి ఆర్తూరో దిగాడు. ఆ మెట్టు రాయిని ఎప్పుడో ఎత్తి మళ్ళీ పెట్టిన జాడ ఉందట. కింద మాయా రాజు సమాధి ఉండి తీరాలట.

"లే పెద్దమ్మా, నా ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీ. మహా ఉద్యోగం, తాళ్ళు కట్టేది."

ధూపం రాజేసింది. ఆకుల్లో ఉడికించిన మొక్కజొన్న పిండి తమాలేల పొట్లం విప్పింది. ఫ్లాస్కులోంచి కాఫీ వంచి, చక్కెర మీద చక్కెర వేసి మెట్టు మీద పెట్టింది. పక్కనే ఓ సిగరెట్టు.

ఆర్తూరో టూరిస్టుల్ని వెంటేసుకుని వచ్చాడు. మాయా వాళ్ళు తమ రాజుల్ని ఇప్పటికీ ఇలాగే కొలుస్తారని వాళ్ళకు చెప్పాడు. కెమెరాలు లేచాయి. హసింతాకి ఒళ్ళు మండిపోయింది. ధూపం మూకుడు వాళ్ళ మొహాల మీదికి ఊపింది.

"రాజుల కాలంలో కాఫీ ఎక్కడిదమ్మా? కోకో పెట్టాలి," అని నవ్వాడు ఆర్తూరో.

"ఆయనకి కోకో పడదు."

అందరూ పగలబడి నవ్వారు. ఆమె కోపం నషాళానికంటింది. ఈ మెట్టు కోసం ఎన్ని ఆఫీసుల గడపలు తొక్కింది! ఒక్కడూ కూర్చోమనలేదు. ఇవాళ ఫోటోలు తీస్తున్నారు.

ఆర్తూరో నచ్చజెప్పబోయాడు. ఎముకలు దొరికితే మ్యూజియంలో గాజు పెట్టెలో పెడతారట, మాయా జాతికే గౌరవమట.

"ఆయన మీ పెట్టెలోకి రాడు," అంది పళ్ళు కొరుకుతూ.

గాస్పర్ చెయ్యి పట్టి లేపబోతే విదిలించి కొట్టింది. కాఫీ ఒలికిపోయింది. ఆర్తూరోకి ఓపిక నశించింది. వెయ్యేళ్ళ నాటి సమాధి మీద ఈవిడ పెత్తనమేంటని అరిచాడు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు.

హసింతా తనే లేచింది. పక్కకి జరిగి, మూటలోంచి ఉతికిన మగవాళ్ళ ఎర్ర కోటు తీసి నేల మీద పరిచింది. గడ్డపార పట్టుకున్న కూలీ వైపు తిరిగింది.

"తవ్వు నాయనా, సైనికులు చంపి ఈ మెట్టు కింద పూడ్చిన మా ఆయన్ని ఇంటికి తీసుకుపోవాలనే ఇన్నేళ్ళుగా తవ్వమని అడుగుతున్నా."