మూడోసారి పాడితేనే

“ఫ్రిజ్ మోత ఎక్కువగా ఉంది సార్. గొంతు దాని కింద పడి నలుగుతోంది,” అన్నాడు రికార్డిస్టు, హెడ్‌ఫోన్లు ఒక చెవి మీంచి తప్పించి.

“మాటలు తెలుస్తున్నాయా లేదా?” అన్నాడు పెద్దాయన.

“మాటలకేం, తెలుస్తున్నాయి.”

“అది చాలు. పని కానీ. నెలాఖరుకల్లా పాట చేతిలో ఉండాలని పైవాళ్లు ప్రాణం తీస్తున్నారు.”

మేడమీద అద్దెగది. కిటికీలకు మందపాటి తెరలు. బల్ల మీద టేపులు, చల్లారిన టీ కప్పులు, ఒక లావుపాటి ఫైలు. ఆ ఫైల్లో ఒక గాయని పదకొండేళ్ల పాటల బతుకంతా కత్తిరించి అతికించి ఉంది. పాట తనే రాసి, తనే కట్టి, తనే పాడే మనిషి. మొదటి ఆల్బమ్‌కి పత్రికలన్నీ ‘కొత్త కెరటం’ అన్నాయి. అమ్ముడైనవి మూడొందల కాపీలు. రెండోదానికి ఇంకా పెద్ద పొగడ్తలు, ఇంకా తక్కువ కాపీలు. మూడోది మూతపడ్డ మిల్లు మీద. రేడియోవాళ్లు ఒక్క పాటా వెయ్యలేదు. విమర్శకులు మాత్రం ఇలాంటిది పదేళ్లకొకటి వస్తుందని రాసి చేతులు దులుపుకున్నారు. ఆమె కోసం బుక్ చేసిన హాళ్లన్నీ ఆఖరి గంటలో ఎందుకు రద్దవుతున్నాయని వాళ్లలో ఒక్కడూ అడగలేదు. అడగడానికి విశేషణాలు సరిపోవు, వెన్నెముక కావాలి.

అప్పట్నుంచి ఆమె స్టూడియోల మొహం చూడలేదు. వంటింట్లోనే, ఉల్లిపాయలు తరుగుతూ, గిన్నెలు తోముతూ పాట కడుతుంది. ఒక్క అక్షరం మారకుండా మూడుసార్లు పాడితేనే పాట పూర్తయినట్టు. ఆ సంగతి ఒక ఇంటర్వ్యూలో తనే చెప్పింది. ఫైల్లో ఆ ముక్క కింద పెద్దాయన ఎర్రగీత గీసుకున్నాడు.

ఇప్పటి పాట కూలిన వంతెన మీద. పందొమ్మిది మంది పోయారు. ఆ సిమెంటు ఎవడు మింగాడో మూడో చరణంలో పేరుపెట్టి అడుగుతుంది. పేరు మంత్రిది. తాళానికి అతికినట్టు సరిపోయింది, అదే ఖర్మ. నిన్న ఒకసారి, ఇవాళ పొద్దున ఒకసారి ఆ పేరుతోనే పాడింది.

“పేరు లేకపోతేనే బాగుంటుంది సార్,” అన్నాడు రికార్డిస్టు. ముప్పై ఏళ్లు స్టూడియోల్లో నలిగిన చెవి అతనిది. “అక్కడికొచ్చేసరికి రాగం పోయి కేకవుతోంది.”

“నాకు సంగీతం చెప్పకయ్యా. పేరుంటేనే మనకి పనికొస్తుంది. లేకపోతే నాలుగు నెలలు ఇక్కడ కూర్చుని టీలు తాగినట్టే.”

“ఆ పేరుతో బయటికొస్తే ఆవిడ మళ్లీ పాడగలదా?”

పెద్దాయన ఫైల్లో ఒక పేజీ తిప్పాడు. “ఆవిడ కచేరీకి ఎప్పుడైనా వెళ్లావా?”

“ఒకసారి. టికెట్టు కొనుక్కుని. మొత్తం పదిహేనుమందిమి. అందులో పన్నెండుమంది విమర్శకులే.”

“నువ్వు పోగా మిగతా ఇద్దరూ ఎవరు?” పెద్దాయన నవ్వకుండా అడిగాడు.

రికార్డిస్టు గబగబా హెడ్‌ఫోన్లు సర్దుకున్నాడు.

చెవుల్లో గాయని తల్లి గొంతు వినపడింది. “ఆ పేరు తీసెయ్యవే. ఊరికే దొంగ అంటే సరిపోదూ?”

“దొంగ అంటే ఆయన కూడా చప్పట్లు కొడతాడమ్మా.”

“కొట్టుకోనీ. నాకు నువ్వు మిగిలితే చాలు.”

కాసేపు గిన్నెల చప్పుడు. “సరేలే, తీసేస్తా. ఏడవకు.”

రికార్డిస్టు ఊపిరి వదిలాడు. “తీసేస్తానంటోంది సార్.”

పెద్దాయన మొహం మాడిపోయింది. “టేపు ఆపకు.”

కుళాయి కట్టేసిన చప్పుడు. ఫ్రిజ్ కూడా గుడగుడలాడి ఆగింది. ఆ నిశ్శబ్దంలో గాయని పాట ఎత్తుకుంది. మొదటి చరణం. రెండోది. రికార్డిస్టు వేళ్లు తొడ మీద తాళం వేస్తున్నాయి. మూడో చరణంలో ఆ చోటుకు రాగానే వేళ్లు ఆగిపోయాయి.

ఆమె ఆగలేదు. పేరు స్పష్టంగా, అక్షరం మారకుండా పడింది.

“తీస్తే నోరు తిరగట్లేదమ్మా,” అంది నవ్వుతూ.

“వచ్చిందా?” అన్నాడు పెద్దాయన.

“సరిగ్గా వినబళ్లేదు సార్. ఫ్రిజ్ మోత.”

పెద్దాయన హెడ్‌ఫోన్లు లాక్కుని, టేపు వెనక్కి తిప్పి విన్నాడు. రెండుసార్లు విన్నాడు.

“ఫ్రిజ్ ఎప్పుడో ఆగిందయ్యా,” అన్నాడు మెల్లగా.

టేపు మళ్లీ రికార్డింగులో పెట్టి, ఫైలు మీద తేదీ వేసి, ఫోనెత్తి ఒక్క మాటే అన్నాడు. “అయింది.”

బల్ల మీద పడున్న హెడ్‌ఫోన్లలోంచి సన్నగా కాలింగ్ బెల్లు మోగింది. వెనకే తల్లి గొంతు. “ఎవరో చూడవే.”

ఆ వంటింట్లో మైకు ఉందని ఆమెకు తెలియదు.